ఎనిమిదో ఫోను

కోటవురట్ల కన్నారావు తన కొంప ముంచేశాడని సత్తిరాజు చెప్పుకోని రోజు లేదు. ఫ్లెక్సీ వేయించుకోవడానికి వచ్చినవాడికీ చెప్పేవాడు, పెళ్ళి కార్డు ప్రూఫు చూసుకోవడానికి వచ్చినవాడికీ చెప్పేవాడు. చోడవరం బస్సు ఎక్కడాగుతుందని అడిగిన పాపానికి, దారినపోయేవాణ్ణి కూడా స్టూలు మీద కూర్చోబెట్టి చెప్పేవాడు.

"సొంత సెల్లెలి మొగుడండీ. పంతొమ్మిది కుటుంబాలోల్ని కూకోబెట్టి, నన్ను మజ్జిలో నించోబెట్టి, నేను సంతకం పెట్టిన కాయితం పైకి సదివేడు. పరాయోడు కూడా అలగ సెయ్యడు."

పక్క టీకొట్టు నానాజీకి ఈ కథ మొత్తం నోటికి వచ్చేసింది. కొత్తవాడెవడైనా షాపులో కనిపిస్తే చాలు, గ్లాసు పట్టుకుని గుమ్మంలోకి వచ్చి ఏమీ తెలియనట్టు అడిగేవాడు.

"ఎంత పోనాది మామా, ఆ గొడవలో?"

"అరెకరం పైమాటే."

"కిందటి నెల్లో పావెకరం అన్నావు?"

"పావెకరమైతే ఏటి, అరెకరమైతే ఏటి? తినేసినోడు తినేసేడు. నువ్వెల్లి పాలు సూసుకో, పొంగిపోతాయి."

సత్తిరాజుకి నలభై ఎనిమిదేళ్ళు. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసి, గోడల మీద సిమెంటు కంపెనీల పేర్లు రాసే పెయింటరు దగ్గర చేరాడు. ఇంగ్లీషు అక్షరాలు అతనికి అక్కడే వచ్చాయి, ఒక్కొక్కటీ రెండడుగుల ఎత్తున. తర్వాత గోడలు పోయి ఫ్లెక్సీలు వచ్చాయి. అనకాపల్లిలో అప్పు చేసి మిషను పెట్టాడు. ఫ్లెక్సీల పని సన్నగిల్లాక కూర్చుని వీడియోలు చూసి వెబ్‌సైట్లు కట్టడం నేర్చుకున్నాడు. ఎవరో చేసి పెట్టిన నమూనా తీసుకోవడం, రంగులు మార్చడం, కొలతలు మార్చడం. ఇంజినీరింగు చదివినవాళ్ళు చేసే పని తను చదవకుండానే చేస్తున్నానన్న గర్వం అతనికి మెడ దాకా ఉండేది. ఆ గర్వం వెనకాలే, ఎవడైనా ఏమైనా అడుగుతాడేమోనన్న భయమూ ఉండేది. భయం వేసినప్పుడల్లా గొంతు పెంచేవాడు.

కన్నారావు సంగతి మొదలైంది కిందటేడు గానుగలు ఆడే రోజుల్లో. కన్నారావూ అతని చుట్టుపక్కల పద్దెనిమిది కుటుంబాలూ ఆ ఏడు మందు వేయకుండా బెల్లం వండారు. మందు వేస్తే బెల్లం పసుప్పచ్చగా మెరుస్తుంది, మార్కెట్లో ధర పలుకుతుంది. వేయకపోతే నల్లగా దిగుతుంది, వర్షాల దాకా ఉంచితే చెమ్మెక్కి కారిపోతుంది. తినడానికి మంచిదని అందరూ అంటారు గాని, మార్కెట్లో ఆ నల్ల దిమ్మల వైపు కన్నెత్తి చూసేవాడు లేడు.

"ఏటి సెయ్యమంటావు బావ?" అని కన్నారావు షాపుకొచ్చి అడిగాడు.

"మార్కెట్టుకెందుకు బావ? వెబ్‌సైట్ కడతాను. అయిదరాబాదోడు కొంటాడు, బెంగులూరోడు కొంటాడు. ఉగాది లోపల మొత్తం ఎత్తేత్తాను."

"ఎత్తకపోతే?"

ఆ మాట కన్నారావు మామూలుగానే అడిగాడు. సత్తిరాజుకి మాత్రం ఎక్కడో గుచ్చుకుంది. ఎత్తకపోతే మిగిలిన బెల్లానికి కిలో అరవై లెక్కన తనే కడతానన్నాడు. అని ఊరుకోలేదు, కాగితం రాస్తానన్నాడు.

"కాయితం ఎందుకు బావ, నోటిమాట సాలదేటి? ఒద్దు," అన్నాడు కన్నారావు.

సత్తిరాజు వినలేదు. తన షాపు లెటర్‌హెడ్ మీద, రంగుల అంచుతో, పెద్దక్షరాల్లో తనే టైపు చేసి, తనే ప్రింటు తీసి, తనే సంతకం పెట్టి బావ చేతికిచ్చాడు. ఇన్నాళ్ళుగా అందరికీ చెబుతున్న కథలో ఈ ముక్క మాత్రం అతను ఎప్పుడూ చెప్పలేదు.

వెబ్‌సైట్ పదిహేను రోజుల్లో తయారైంది. పంతొమ్మిది కుటుంబాలకీ పంతొమ్మిది పెట్టెలు. ఒక్కో పెట్టెలో బెల్లం దిమ్మ ఫోటో, రైతు పేరు, రెండు మాటలు, ధర, కింద 'ఇప్పుడే కొనండి' అని ఆకుపచ్చ బటన్. మొదట్లో పెట్టెలు ఒకటి పొడుగూ ఒకటి పొట్టీ అయి, పళ్ళు ఊడిన నోరులా కనబడ్డాయి. సత్తిరాజుకి ఒళ్ళు మండింది. ఫ్లెక్సీవాడికి కొలత ముందు, అక్షరం తర్వాత. ఆరడుగులంటే ఆరడుగులే, దాటినదాన్ని బ్లేడు పెట్టి కోసేస్తాడు. అదే పని ఇక్కడా చేశాడు. ప్రతి పెట్టెకీ ఒకే ఎత్తు, నాలుగువందల ఇరవై పిక్సెళ్ళు. దాన్ని దాటి ఏముంటే అది కనబడకుండా కోసెయ్యమని రాశాడు. పెట్టెలన్నీ పెళ్ళి ఫోటోలో పెద్దమనుషుల్లా వరసలో నిలబడ్డాయి.

రైతులు చూడ్డానికి వచ్చినరోజు షాపులో కాలు పెట్టే చోటు లేదు. అప్పుడు సత్తిరాజు తన దగ్గరున్న గొప్ప వస్తువు బయటికి తీశాడు. అదొక ఎక్స్‌టెన్షన్. బ్రౌజర్ మూలన తగిలించుకునే చిన్న పనిముట్టు. దాన్ని ఒక్కసారి నొక్కితే పెద్ద తెర మీద ఏడు ఫోన్లు బారుగా వచ్చి నిలబడతాయి. చిన్న ఫోను, దానికంటే కాస్త పెద్దది, ఇంకా పెద్దది, ఖరీదైన ఐఫోను, పలకంత టాబ్లెట్టు. ఏడింటిలోనూ ఒకే వెబ్‌సైట్, ఏ తెరకి ఆ కొలతలో. ఒకదాన్ని కిందికి జరిపితే ఏడూ కలిసి జరుగుతాయి.

"సూడండి. దేశంలో ఏ ఫోనైనా ఈ ఏడింటిలో ఏదో ఒక కొలతే. ఏడింట్లోనూ బటన్ కనబడతందా నేదా?"

కనబడుతోంది. ఏడు ఆకుపచ్చ బటన్లు. వెనక నించున్న ముసలాయన చప్పట్లు కొట్టాడు.

"మరి మా ఫోన్లో కూడా ఓపాలి సూసుకుందుమా బావ?" అన్నాడు కన్నారావు, జేబులోకి చెయ్యి పోనిస్తూ.

"నీ ఫోను కూడా ఇందులోనే ఉంది బావ. ఎడం పక్క నుంచి రెండోది. ఉన్నదాన్ని మళ్ళీ జేబులోంచి తీడవెందుకు?"

అందరూ నవ్వారు. కన్నారావు చెయ్యి జేబులోంచి ఉత్తినే బయటికి వచ్చింది.

వారం తర్వాత లోవమ్మ వచ్చింది. లోవమ్మ సత్తిరాజుకి ఒక్కగానొక్క చెల్లెలు, కన్నారావు భార్య. తమ బెల్లం తనే ఒక కిలో కొనుక్కుని ఎలా వస్తుందో చూద్దామని ఆమెకి సరదా పుట్టింది. అప్పుడు షాపులో నానాజీ ఉన్నాడు, ఇంకో ఇద్దరు బేరగాళ్ళు ఉన్నారు.

"అన్నియ్యా, నొక్కేది కనబడట్లేదు," అంది ఫోను చాపి.

సత్తిరాజు ఆ ఫోను అందుకోలేదు. తెర ఆమె వైపు తిప్పాడు.

"ఇదిగో, ఏడు ఫోన్లు. ఏడింట్లోనూ ఉంది. నీ ఒక్కదానికే నేదేటి?"

"ఏమో అన్నియ్యా, పేరుంది, బొమ్మ ఉంది. తర్వాత ఇంకో బొమ్మ వచ్చేత్తంది..."

"అయిదో తరగతిలో మానేసినోళ్ళకి ఇయ్యన్నీ ఎలా తెలుత్తాయి లోవా? ఎల్లి కళ్ళు సూపించుకో. ఫోను నొక్కడం రానోళ్ళంతా వెబ్‌సైట్‌కి వంకలెట్టీడమే!"

తను మానేసింది ఎనిమిదిలో. ఆ మూడు తరగతుల ఎత్తు మీంచి మాట్లాడాడు. నానాజీ పకపకా నవ్వాడు. బేరగాళ్ళూ నవ్వారు. లోవమ్మ కూడా నవ్వేసి, ఫోను సంచిలో పెట్టుకుని, బస్సుకి టైమైందని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఫోన్లు వచ్చాయి. రాజమండ్రి నుంచి ఒకావిడ, "ఎక్కడ నొక్కాలండీ?" అంది. "కింద ఉంటాది సూడండమ్మా, సరిగ్గా సూడండి," అన్నాడు. శ్రీకాకుళం నుంచి రిటైరైన మాస్టారొకాయన రెండుసార్లు చేశాడు. రెండోసారి సత్తిరాజు ఎత్తలేదు. వీళ్ళ గొంతులు అనుకరించి నానాజీకి వినిపిస్తే, ఇద్దరూ కళ్ళల్లో నీళ్ళు వచ్చేలా నవ్వుకున్నారు.

కొత్తమావాస్య జాతర వెళ్ళింది, ఉగాది వెళ్ళింది. వెబ్‌సైట్‌కి వచ్చి చూసినవాళ్ళు నాలుగువేల మూడువందల మంది. కొన్నవాళ్ళు అరవై ఒక్కమంది. "సూసేవోళ్ళే గాని కొనేవోళ్ళు నేరు బావ. నల్లబెల్లం మీద జనానికి మనసు నేదు," అని సత్తిరాజు తేల్చేశాడు. మే నెలాఖరుకి గాలివానలు మొదలై దిమ్మలు చెమరించాయి. తడిసిన బెల్లాన్ని దాణా కింద అమ్ముకుంటే రవాణా ఖర్చులు కూడా రాలేదు. రైతులు కూర్చున్నారు. కాగితం ఎక్కడుందని అడిగారు. కన్నారావు తెచ్చాడు. చదవమన్నారు, చదివాడు. చదువుతున్నంతసేపూ తల ఎత్తలేదు. లోవమ్మ స్తంభానికి ఆనుకుని నించుని అన్నీ విని, ఒక్క మాట మాట్లాడలేదు. జూన్‌లో సత్తిరాజు, తండ్రి తనకిచ్చిన భూమిలో ముక్క కోసి అమ్మి అందరికీ కట్టాడు. ఆ రోజు నుంచి కన్నారావుతో మాటల్లేవు.

లోవమ్మ మాత్రం రావడం మానలేదు. ఈ ఏడు మళ్ళీ గానుగలు మొదలయ్యాక, ఫిబ్రవరిలో ఒక పొద్దున్న వచ్చింది. వస్తూ ఒక సీసా నిండా బెల్లంపాకం తెచ్చింది. సత్తిరాజు ఆ సీసాని చూసీ చూడనట్టు ప్రింటరు పక్కకి తోశాడు.

"కళ్ళజోడు తయారైపోనాదంట అన్నియ్యా, తెచ్చుకుని వత్తాను. అందాకా ఫోను ఛార్జింగెట్టు," అని బల్ల మీద పెట్టి వెళ్ళింది.

కాసేపటికి అది మోగింది. తెర నిండా కన్నారావు పేరు, ఒక్కో అక్షరం చింతగింజంత. సత్తిరాజు ఆ కాల్ కోసేశాడు. కోసేశాక ఆ తెర చూసి అతనికి నవ్వొచ్చింది. అక్షరాలన్నీ పెద్దవి చేసి పెట్టుకుంది, వరసకి మూడు మాటలు కూడా పట్టడం లేదు. పెయింటరు దగ్గర తను రాసిన గోడలు గుర్తొచ్చాయి. ఊసుపోక, ఇందులో మన వెబ్‌సైట్ ఎంత అసహ్యంగా కనబడుతుందో చూద్దామని తెరిచాడు.

దిమ్మ ఫోటో వచ్చింది. రైతు పేరు మూడు వరసలు పట్టింది. ఆ రెండు మాటలు ఏడు వరసలయ్యాయి. ధర అంకెలు నడుం దగ్గర తెగిపోయాయి. తర్వాత ఏమీ లేదు. తెల్లటి గీత, దాని కింద ఇంకో దిమ్మ ఫోటో.

నెట్టు సరిగ్గా లేదేమో అనుకున్నాడు. మూసి మళ్ళీ తెరిచాడు. అదే. కిందికి జరిపాడు. పంతొమ్మిది దిమ్మలు, పంతొమ్మిది పేర్లు. బటన్ ఒక్కటీ లేదు.

పెద్ద తెర మీద ఎక్స్‌టెన్షన్ నొక్కాడు. ఏడు ఫోన్లు వచ్చి నిలబడ్డాయి. ఏడు ఆకుపచ్చ బటన్లు. లోవమ్మ ఫోనుని వాటి పక్కన ఎనిమిదోదిగా నిలబెట్టి పట్టుకున్నాడు. ఎడం నుంచి రెండోదానికీ దీనికీ కొలతలో వెంట్రుకవాసి తేడా లేదు. ఆ పనిముట్టుకి తెర కొలత తెలుసు గాని, దాని ముందు కూర్చున్న మనిషి అక్షరాలు పెద్దవి చేసుకుంటుందని తెలియదు. అది దాని తప్పు కాదు. దాన్ని నమ్మమని ఎవరూ చెప్పలేదు. ఫోను తియ్యబోయినవాడి చెయ్యి జేబులోనే ఆపించింది తను.

నాలుగువందల ఇరవై. తను పెట్టిన అంకె. గుర్తుపట్టడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు. ఆ అంకె తీసేసి, మళ్ళీ తెరిచాడు. పెట్టెలు ఎగుడుదిగుడుగా సాగి, ఎనిమిదో ఫోనులో, ధర కింద, ఆకుపచ్చగా బటన్ వచ్చి కూర్చుంది.

సత్తిరాజు ఫ్యాను వేసుకున్నాడు. ఫ్యాను తిరుగుతున్నా చెవులు కాలుతూనే ఉన్నాయి. మందు వేయని బెల్లం కోసం వెతుక్కుంటూ వచ్చేదెవరు? ఇంట్లో వంట చూసుకునేవాళ్ళు, షుగరుకి భయపడేవాళ్ళు, నలభై ఐదు దాటి అక్షరాలు ఆనక పెద్దవి చేసుకున్నవాళ్ళు. లోవమ్మలాంటివాళ్ళు. నాలుగువేల మంది షాపు దాకా వచ్చి, తలుపు కోసం తడుముకుని వెళ్ళిపోయారు. రాజమండ్రి ఆవిడ గొంతు జ్ఞాపకం వచ్చింది. ఆవిడ గొంతు కాదు, తను అనుకరించిన గొంతు జ్ఞాపకం వచ్చింది. అది ఇంకా సిగ్గనిపించింది.

లోవమ్మ కొత్త కళ్ళజోడుతో తిరిగొచ్చింది. బల్ల మీద ఫోను చూసి, పసిపిల్లలా సంబరపడింది.

"ఓలమ్మ, వచ్చిందే! ఇదే అన్నియ్యా నేను ఎతుక్కున్నది!"

సత్తిరాజు ఆమె మొహంలోకి చూడలేకపోయాడు. కీబోర్డు మీద దుమ్ము తుడుస్తూ అడిగాడు.

"ఆ రోజు నేదు కదూ?"

"నేదు."

"మరి రైతులంతా కూకున్నప్పుడు ఎందుకు సెప్పనేదు?"

"ఏటని సెప్పీది? మా అన్నియ్య కట్టింది పాడైపోనాదని పదిమందిలో సెప్పమంటావేటి? అప్పటికే నేల సూత్తన్నావు నువ్వు." సంచి సర్దుకుంటూ ఆమె మామూలుగా అంది. "అయినా నేనే సరిగ్గా సూడనేదేమో అనుకున్నాను కొన్నాళ్ళు. నువ్వంత గట్టిగా సెప్తే మరి."

"బావకి తెలుసా?"

"తెలవదు."

"సెప్తావా?"

ఆమె కొత్త అద్దాల్లోంచి అతన్ని కాసేపు చూసింది.

"నువ్వు సెప్తావేటి?" అంది. "పాకం సీసా మూత తియ్యి అన్నియ్యా, పులిసిపోతాది," అని బస్సుకి వెళ్ళిపోయింది.

పావుగంట తర్వాత సత్తిరాజు ఫోనే మోగింది. కన్నారావు. ఎనిమిది నెలల్లో మొదటిసారి.

"లోవ ఫోనెత్తట్లేదు. నీకాడికి వచ్చిందేటి?"

"వచ్చింది. బస్సెక్కేసింది."

"సరే."

కన్నారావు ఫోను పెట్టెయ్యలేదు. అవతల గానుగ మోత వినబడుతోంది. ఎవరో మంట తగ్గించమని అరుస్తున్నారు.

"ఏటి, ఏటైనా సెప్పాలా?" అన్నాడు కన్నారావు.

బటన్ సంగతి చెప్పెయ్యాలనుకున్నాడు. "గానుగ బాగా ఆడతందేటి?" అన్నాడు సత్తిరాజు.

"ఆడతంది. ఈయేడు అందరం మందేసేత్తన్నాం. నల్లబెల్లం జనానికొద్దని నువ్వే సెప్పేవు కదా. నిరుడే తెలిసొచ్చింది," అని కన్నారావు పెట్టేశాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నమ్మకమే ఉంది. తను చెప్పినదాన్ని బావ నమ్మాడు.

సత్తిరాజు ప్రింటరు పక్కకి చెయ్యి చాపాడు. సీసా మూత తీశాడు. పాకం పసుప్పచ్చగా మెరిసింది. వేలితో తీసి నాలుక మీద వేసుకుని, మూత పెట్టేశాడు.

సాయంత్రం నానాజీ ఒక బేరగాణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసేవాడు, పేరు సింహాచలం. వెబ్‌సైట్ కావాలట. "ఏడు ఫోన్లు సూపించు మామా, ఈయనకి!" అన్నాడు నానాజీ హుషారుగా.

సత్తిరాజు చెయ్యి అలవాటు కొద్దీ ఎక్స్‌టెన్షన్ మీదికి వెళ్ళింది. నొక్కలేదు.

"మీ అమ్మగారున్నారా?" అని అడిగాడు సింహాచలాన్ని.

"ఉంది."

"ఆవిడ వాడే ఫోను ఓపాలి పట్టుకురండి. ఇంట్లో పెద్దోళ్ళయి ఎన్నుంటే అన్నీ తెండి. తర్వాత మాటాడుకుందాం."

సింహాచలం అయోమయంగా నానాజీ వైపు చూశాడు. నానాజీకి ఏదో కథ మొదలవుతుందనిపించి, స్టూలు లాక్కుని, రోజూ అడిగేదే అడిగాడు.

"ఎంత పోనాది మామా, ఆ గొడవలో?"

సత్తిరాజు చెయ్యెత్తి ఆగమన్నాడు. ఫోను తీసి కన్నారావుకి కలిపాడు. వాళ్ళిద్దరూ వింటూండగానే మాట్లాడాడు. బయటికి వెళ్ళి మాట్లాడితే మళ్ళీ గానుగ గురించే అడుగుతానని అతనికి తెలుసు.

"బావ, మిగిలిన చెరుకు ఆడినప్పుడు బెల్లానికి మందెయ్యకు. నా మాట విను. నిరుడు కొనేవోళ్ళు వచ్చేరు, నాలుగువేల మంది వచ్చేరు. నొక్కే బటన్ నేనే కోసీసేను. లోవ అప్పుడే సెప్పింది, నేను నవ్వేసేను. జనం ఒద్దనడం కాదు బావ. నేనే."

అవతల గానుగ తిరుగుతూనే ఉంది.

"బెల్లం పెనం దించాలి. తర్వాత మాటాడతాను," అన్నాడు కన్నారావు. పెట్టేశాడు.

తర్వాత అంటే ఎప్పుడో, మాట్లాడతాడో లేదో సత్తిరాజుకి తెలియలేదు. ఫోను బోర్లించాడు. నానాజీ నవ్వడం లేదు. గ్లాసులో టీ చల్లారిపోయి పొర కట్టింది.

"అయితే కన్నారావు తిన్నేదా మామా?"

"నేదు."

"మరి నిజంగా ఎంత పోనాది?"

అరెకరం అనబోయి, సత్తిరాజు నేల వైపు చూశాడు.

"ఎవడూ తిన్నేదు రా. నేనే పోగొట్టేను. మా నాన్న ఇచ్చిన దాంట్లో, కాలవ పక్కది, ఇరవై రెండు సెంట్లు."